గేట్ల లెక్కకు అందని ప్రవాహం

వానాకాలం మొదలైతే చాలు, మన పత్రికల్లో ఒక అంకె రోజూ మారుతూ కనిపిస్తుంది. ధవళేశ్వరం నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు, ప్రకాశం బ్యారేజీ నుంచి ఇన్ని, సీజన్ మొదలైనప్పటి నుంచి ఇన్ని టీఎంసీలు ‘వృథాగా సముద్రం పాలు’. రాజకీయ పక్షాల పోట్లాట కూడా ఆ అంకె మీదే. కానీ అందులో ఉన్నది గేట్ల కింద నుంచి పోయిన నీరు మాత్రమే. గేటూ నదీ లేని చోట కూడా నేల అడుగు నుంచి సముద్రంలోకి నీరు పోతూనే ఉంటుంది. ఇసుక పొరల గుండా, సున్నపురాయి పగుళ్ల గుండా, ఒడ్డున అలల కింద, కొన్నిచోట్ల ఒడ్డుకు పదుల కిలోమీటర్ల దూరాన ఖండతీరపు అంచు మీద ఊరుతుంది. అది ఎంత, ఏం మోసుకుపోతోంది అన్నదాన్ని శాస్త్రవేత్తలు మూడు దశాబ్దాలుగా వెంటాడుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబు ‘వృథా’ అన్న మాటనే కాదు, ‘సముద్రం కింద మంచినీటి నిధి’ అన్న కొత్త ఉత్సాహాన్నీ ఇరుకున పెడుతుంది.

ఊట ఉందన్న సంగతి కొత్తదేమీ కాదు. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రెండు వేల ఏళ్ల కిందట సిరియా తీరంలోని అర్వాద్ దీవి గురించి రాశాడు. యుద్ధం వచ్చి నీళ్లకు కటకట అయినప్పుడు అక్కడివాళ్లు సముద్రం అడుగున ఊట ఉన్నచోట సీసపు గరాటు బోర్లించి, దానికి తోలు గొట్టం కట్టి, మంచినీళ్లు పడవలోకి రప్పించుకునేవారట. బహ్రెయిన్‌లో ముత్యాల కోసం మునిగేవాళ్లు అడుగు ఊటల దగ్గర తోలు సంచుల్లో తాగునీరు పట్టుకునేవారు. రామేశ్వరం వెళ్లే దారిలో తంగచ్చిమడం దగ్గరున్న విల్లూండి తీర్థం సముద్రంలోనే ఉంది. చుట్టూ ఉప్పునీరు, బావిలో మంచినీరు. ఒడ్డున ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకోవడం మన మత్స్యకారులకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. అయినా జలశాస్త్రం దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు. నదుల ముందు ఇదెంతలే అనుకుంది. తీరపు జీవరాశికి ఈ ఊట చాలా ముఖ్యమని 1980లో రాబర్ట్ జోహాన్నెస్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త గట్టిగా వాదించినా వినిపించుకున్నవాళ్లు తక్కువ.

వినకపోవడానికి కొంత కారణం తీరం మొత్తాన్నీ కొలిచే దారి లేకపోవడం. 1977లో డేవిడ్ లీ అనే పరిశోధకుడు ఒక పరికరం చేశాడు. పెద్ద ఇనుప డ్రమ్ము చివరను కోసి అడుగు మట్టిలోకి బోర్లా దింపి, పైన రంధ్రానికి ప్లాస్టిక్ సంచి కట్టడమే ఆ పరికరం. గంటకో రోజుకో సంచిలోకి ఎంత నీరు చేరిందో చూస్తారు. ఇంత చవకైన, ఇంత నిజాయితీ ఉన్న పరికరం భూశాస్త్రంలో అరుదు. కాకపోతే అది చదరపు మీటరులో పావు వంతు నేల సంగతే చెబుతుంది. దానికి అడుగు దూరంలో ఊట పదింతలు ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. వందల కిలోమీటర్ల తీరానికి డ్రమ్ములు బోర్లిస్తూ పోవడం ఎవరి తరం?

ఈ చిక్కుముడిని విప్పింది అమెరికాలోని సౌత్ కెరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన విల్లార్డ్ మూర్. ఆయన నీటిని కొలవలేదు, నీరు వదిలిన జాడను కొలిచాడు. ఆ జాడ రేడియం.

ఇసుకలోను, బంకమట్టిలోను సహజంగానే కాస్త యురేనియం, థోరియం ఉంటాయి. అవి క్షయమవుతూ రేడియం పుడుతుంది. మంచినీటిలో ఉన్నంతసేపు రేడియం మట్టి రేణువులను అంటిపెట్టుకునే ఉంటుంది. ఉప్పునీరు తగిలిందా, రేణువును వదిలి నీటిలో కలిసిపోతుంది. అందుకే తీరపు ఇసుకలో ఉప్పు తగిలిన భూగర్భ జలంలో రేడియం చిక్కగా ఉంటుంది, నడిసముద్రంలో చాలా పలచగా ఉంటుంది. ఒడ్డుకు దగ్గరి సముద్రపు నీటిలో అది ఎక్కువగా కనిపిస్తే, ఎక్కడి నుంచో వస్తోందన్నమాట. ఎక్కడి నుంచి? నది ఎంత తెచ్చిందో లెక్క కట్టొచ్చు. నది తెచ్చిన బురద ఉప్పునీటిలో ఎంత వదిలిందో ప్రయోగశాలలో చూడొచ్చు. అడుగు మట్టి నుంచి ఎంత ఊరుతుందో అంచనా వేయొచ్చు. తీరపు నీరు నడిసముద్రంలో కలిసిపోతూ ఎంత పట్టుకుపోతోందో తెలుసుకోవచ్చు. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు పెట్టి చూస్తే జమ చాలలేదు. లోటు పూడ్చగలిగింది భూగర్భ జలం ఒక్కటే.

1994 జులైలో సౌత్ కెరొలైనా పరిసర తీరంలో తీసిన నమూనాలతో ఈ లెక్క కట్టి, మూర్ 1996లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. 320 కిలోమీటర్ల తీరం వెంట భూమి అడుగు నుంచి సముద్రంలోకి వస్తున్న నీరు, ఆ సమయంలో అక్కడి నదులు తెస్తున్న నీటిలో దాదాపు 40 శాతం. అప్పటిదాకా నదుల ముందు ఇదెంతలే అనుకున్నవాళ్లు ఉలిక్కిపడే అంకె ఇది.

రేడియం ఇంత పనికి రావడానికి ఇంకో కారణం దాని నాలుగు ఐసోటోపులు. రేడియం-224 అర్ధాయువు 3.66 రోజులు, 223ది 11.4 రోజులు, 228ది 5.75 ఏళ్లు, 226ది 1600 ఏళ్లు. అన్నీ ఒకే రసాయనం, గడియారాలు మాత్రం నాలుగు. ఒడ్డు నుంచి సముద్రంలోకి వెళ్తున్నకొద్దీ పొట్టి ఆయుష్షు ఉన్నవి ఎంత త్వరగా తరిగిపోతున్నాయో చూస్తే, ఆ నీరు ఒడ్డు వదిలి ఎన్ని రోజులైందో తెలుస్తుంది. పొడుగు ఆయుష్షు ఉన్నవి ఖండతీరపు అంచు మొత్తానికీ లెక్క చెబుతాయి. అదీకాక పొరలోని నీరు ఒకసారి బయటికి పోయాక రేడియం-224 మళ్లీ తయారవడానికి రోజులు చాలు, 228కి ఏళ్లు కావాలి. కాబట్టి ఏ ఐసోటోపు ఎంత ఉందన్నది, రోజూ అలలకు ఆడే పైపై ఇసుక నీరెంత, ఏళ్ల తరబడి లోపల మగ్గి వచ్చిన నీరెంత అన్న తేడానూ కొంత పట్టిస్తుంది.

పని మాత్రం మోటుగానే ఉంటుంది. వందల లీటర్ల సముద్రపు నీటిని పంపుతో తోడి, మాంగనీస్ ఆక్సైడ్ పూత పట్టించిన యాక్రిలిక్ పీచు గుండా పోనిస్తారు. రేడియం పీచుకు అంటుకుంటుంది. పొట్టి ఆయుష్షు ఐసోటోపులు మాయమైపోకముందే ఆ పీచును లెక్కింపు యంత్రంలో పెట్టాలి. ఓడ ఆలస్యమైతే ఆ వారం కష్టం గంగపాలే. రేడియంకు తోడుగా రాడాన్ వాయువునూ వెతుకుతారు. 3.8 రోజుల అర్ధాయువు ఉన్న రాడాన్-222ను ఒడ్డునే యంత్రం పెట్టి గంటగంటకూ చూడొచ్చు. దాని ఇబ్బంది వేరు, గాలి వీస్తే నీటిలోంచి ఎగిరిపోతుంది. హవాయి దీవుల్లోని కోనా తీరంలో విమానం నుంచి పరారుణ చిత్రాలు తీసి, వెచ్చటి సముద్రంలో చల్లటి భూగర్భ జలం ఎక్కడ పొగలా విచ్చుకుంటోందో గుర్తించారు. పర్వతం దిగి వచ్చే నీరు చల్లగా ఉండి, సముద్రం వెచ్చగా ఉన్నచోట ఆ పద్ధతి బాగా పనిచేస్తుంది.

మూర్ అంకె మీద అదే ఏడాది అదే పత్రికలో అభ్యంతరం వచ్చింది. బ్రిటిష్ జలశాస్త్రజ్ఞుడు పాల్ యంగర్ అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆ తీరంలో నేలలోకి ఇంకే వాన ఎంత? అందులోంచి నదుల్లో 40 శాతమంత నీరు సముద్రంలోకి ఎలా పోతుంది? ఈ వాదులాటే ఈ శాస్త్రాన్ని నిలబెట్టిందని నా అభిప్రాయం. ఎందుకంటే అసలు విషయం అక్కడే బయటపడింది. రేడియం చూపించిన నీరంతా వాన నీరు కాదు. అందులో అధిక భాగం సముద్రపు నీరే. పోటు వచ్చినప్పుడు, అల విరిగినప్పుడు ఇసుకలోకి దిగుతుంది, లోపల మంచినీటితో కలుస్తుంది, పాటు సమయంలో మళ్లీ బయటికి వస్తుంది. 1999లో లింగ్ లీ బృందం గణిత నమూనాతో చూస్తే, ఇలా అలలూ ఆటుపోట్లూ తిప్పే నీరే మొత్తంలో 96 శాతం దాకా ఉండొచ్చని తేలింది. నేల మీద ఇంకి వచ్చిన అసలు మంచినీరు మిగతా 4 శాతం. అదే ఏడాది మూర్ ఈ ఉప్పు, మంచినీళ్ల కలయిక చోటికి నదీముఖంతో పోలిక చూపుతూ ఒక పేరు పెట్టాడు. తెలుగులో దాన్ని ‘భూగర్భ మొగ’ అనొచ్చు. గోదావరి మొగలో పైన జరిగేదే ఇక్కడ నేల కింద, చీకట్లో జరుగుతుంది.

తర్వాత అంకెలు ఇంకా పెద్దవయ్యాయి. రేడియం-228 ఆధారంగా 2008లో మూర్ బృందం అట్లాంటిక్ మహాసముద్రం మొత్తానికి లెక్క కట్టింది. అందులోకి చేరే భూగర్భ జలం, అందులో కలిసే నదుల నీటిలో 80 నుంచి 160 శాతం. 2014లో క్వోన్ బృందం ప్రపంచమంతటికీ కట్టిన లెక్కలో ఇది నదులన్నింటికీ మూడు నాలుగు రెట్లు, ఏడాదికి సుమారు 1,20,000 ఘన కిలోమీటర్లు. మనకు అలవాటైన కొలతలో 42 లక్షల టీఎంసీలు. నోరు వెళ్లబెట్టే ముందు 2020 నాటి ఇంకో లెక్కను పక్కన పెట్టుకోవాలి. లూయెండైక్ బృందం తీరాల్లో ఇంకే వాన నీటిని మాత్రమే నమూనా కట్టి చూస్తే, సముద్రాలకు చేరే మొత్తం మంచినీటిలో భూగర్భం ద్వారా వచ్చేది ఒక్క శాతం కూడా లేదు, దాదాపు 0.6 శాతం. రెండు లెక్కలూ ఒప్పే. ఒకటి ఇసుక గుండా తిరిగే నీటినంతా లెక్కించింది, రెండోది కొత్తగా నేల నుంచి వెళ్లే మంచినీటిని లెక్కించింది.

ఇందులో ఒక బలహీనత ఉంది. రేడియం లోటును, భూగర్భ జలంలోని రేడియం గాఢతతో భాగిస్తే నీటి పరిమాణం వస్తుంది. ఆ గాఢత ఈ బావికీ పక్క బావికీ ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. భాగించే అంకె ఊగితే ఫలితమూ ఊగుతుంది. అందుకే ఈ రంగంలో వచ్చే ఏ అంకెనైనా మొదటి అంకె వరకే నమ్మి, దశాంశాలను పక్కన పెట్టడం మంచిది.

ఇక ‘నిధి’ సంగతి. 1976లో అమెరికా భూవిజ్ఞాన సర్వే అట్లాంటిక్ ఖండతీరపు అంచు మీద ఖనిజాల కోసం రంధ్రాలు వేస్తే, ఒడ్డుకు చాలా దూరాన అడుగు పొరల్లో ఉప్పు తక్కువగా ఉన్న నీరు తగిలింది. 2019లో విద్యుదయస్కాంత పద్ధతితో చూసిన పరిశోధకులు న్యూజెర్సీ నుంచి మార్థాస్ విన్‌యార్డ్ దీవి దాకా 350 కిలోమీటర్ల మేర అలాంటి నీరు సుమారు 2800 ఘన కిలోమీటర్లు ఉంటుందని అంచనా వేశారు. టీఎంసీల్లో దగ్గరదగ్గర లక్ష. 2025 వేసవిలో అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ బృందం ఒకటి నాంటకెట్ దీవికి ఆవల సముద్రం అడుగున దాదాపు 400 మీటర్ల లోతు దాకా దిగి, పరీక్షల కోసం 50 వేల లీటర్ల నీరు తోడింది. సముద్రపు నీటిలో వెయ్యి భాగాలకు 35 భాగాల ఉప్పు ఉంటే, అక్కడ ఒకచోట ఒక భాగమే కనిపించింది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి నిల్వలు 5 లక్షల ఘన కిలోమీటర్లు ఉండొచ్చని విన్సెంట్ పోస్ట్ బృందం 2013లోనే రాసింది.

ఇవి పారే నీళ్లు కావు. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందకు పోయినప్పుడు, ఇప్పటి ఖండతీరపు అంచు నేలగా ఉండేది. వాన దాని మీద కురిసింది, కొన్నిచోట్ల హిమానీనదం అడుగున నీరు లోపలికి ఇంకింది. ఆపైన సముద్రం వచ్చి కప్పేసింది. అలా మిగిలిన నీటిని ఇప్పుడు తోడితే, తిరిగి నింపే వాన దాని మీద కురవదు. చమురు తవ్వినట్టే తవ్వడం. నీటికి కటకటలాడే ఏ నగరానికో అత్యవసరంలో ఇది పనికి రావొచ్చేమో. కానీ ఈ వార్త రాగానే మన దగ్గరా మొదలయ్యే ‘మన సముద్రం కిందా ఎంతుందో తీయండి’ అన్న మాటకు ముందు అడగాల్సింది వేరే ఉంది. ఇప్పుడు ఊరుతున్న నీరు ఏం చేస్తోంది?

అది రెండు పనులు చేస్తోంది. మొదటిది ఉప్పును ఆపడం. 19వ శతాబ్దం చివర్లో డచ్ ఇంజినీరు బాడన్ గైబెన్, కొద్ది ఏళ్ల తర్వాత జర్మనీలో హెర్జ్‌బర్గ్ వేర్వేరుగా కనిపెట్టిన సూత్రం ఇది. తీరంలో భూగర్భ జలమట్టం సముద్రమట్టం కన్నా ఒక మీటరు పైన ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుంది. ఆ ఒక్క మీటరు పోతే కింద నుంచి ఉప్పు 40 మీటర్లు పైకి రావడానికి దారి ఏర్పడుతుంది. మంచినీరు సముద్రం వైపు నెమ్మదిగా కదులుతూ, ఊరిపోతూ ఉంటేనే ఆ సరిహద్దు నిలుస్తుంది. కోనసీమలో ఫిల్టర్ పాయింట్లలో వేసవికి ఉప్పు తగలడం మొదలైతే, అక్కడ సముద్రం వైపు పోవాల్సిన నీటిని మనమే తోడేసుకోవడం ఒక కారణం కావొచ్చు. ‘సముద్రం పాలైంది’ అని మనం బాధపడే నీటిలో ఒక పాయ రోజూ మన బావులకు కాపలా కాస్తోంది.

రెండో పని మోత. ఇసుకలో మగ్గిన నీరు ఆక్సిజన్ పోగొట్టుకుని, నైట్రేట్‌ను, అమ్మోనియాను, ఫాస్ఫేట్‌ను, ఇనుమును, కరిగిన కార్బన్‌ను మోసుకుని బయటికి వస్తుంది. మళ్లీ అదే సముద్రపు నీరు అయినా సరే, లోపలికి వెళ్లినప్పటి రసాయనం, బయటికి వచ్చినప్పటి రసాయనం ఒకటి కావు. అందుకే 4 శాతమే మంచినీరు అన్న మాట ఈ ఊటను చిన్నది చేయదు. 2021లో ఐజాక్ సాంటోస్ బృందం ప్రపంచంలోని అధ్యయనాలను కూడగట్టి చూస్తే, పరిశీలించిన తావుల్లో దాదాపు 60 శాతం చోట్ల సముద్రానికి నదులకన్నా ఈ దారినే ఎక్కువ పోషకాలు చేరుతున్నట్టు తేలింది. జపాన్‌లో చోకాయ్ అగ్నిపర్వతం దిగువన అడుగు ఊటల దగ్గర పెరిగే రాతి ఆయిస్టర్లకు మంచి గిరాకీ. అదే ఊట యూరియా తిన్న పొలాల కింద నుంచి వస్తే నాచు విపరీతంగా పెరిగి, కుళ్లి, నీటిలో ఆక్సిజన్ హరించుకుపోతుంది. ఇంకో కష్టం, భూగర్భ జలం తీరికగా నడుస్తుంది. ఈ ఏడు చల్లిన ఎరువు పదేళ్లకో, ముప్పై ఏళ్లకో సముద్రం చేరవచ్చు. అప్పటికి వాడకం ఎంత తగ్గించినా, దారిలో ఉన్నది వచ్చే తీరుతుంది.

బంగాళాఖాతానికి ఈ లెక్కలు కొత్త కాదు. గంగా-బ్రహ్మపుత్ర మొగ దగ్గర 1991 మార్చిలో, నదిలో నీరు బాగా తగ్గిన రోజుల్లో తీసిన నమూనాల్లో రేడియం, దానిలాగే ప్రవర్తించే బేరియం అంతా ఇంతా కాదు. నది తేగలిగినదానికన్నా చాలా ఎక్కువ. డెల్టా నేల ఊరుతోందనడానికి అది గట్టి సూచన అని మూర్ 1997లో రాశాడు. గోదావరి మొగలో అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాలకు చెందిన రంగరాజన్, విశాఖలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రానికి చెందిన వీవీఎస్ఎస్ శర్మ రేడియం ఐసోటోపులతోనే భూగర్భ ఊటను, అది చేర్చే పోషకాలను కొలిచి 2015లో ప్రకటించారు. కేరళ, ఒడిశా, తమిళనాడు తీరాల్లోనూ పని జరిగింది. తిరువనంతపురంలోని జాతీయ భూవిజ్ఞాన అధ్యయన కేంద్రం ఈ ఊట కోసమే ‘మిషన్ ఎస్‌జీడీ’ పేరిట (సముద్రంలోకి భూగర్భ జల ఊటకు ఆంగ్ల పొట్టి పేరు ఎస్‌జీడీ) ఒక కార్యక్రమం నడిపింది. మనవాళ్లకు చేతకాక కాదు.

గోదావరి డెల్టా ఈ ప్రశ్నకు అచ్చంగా సరిపోయే చోటు. కాటన్ 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి డెల్టా నేల కాలువ నీటితో నానుతోంది. వానకు ఇంకేదానికి తోడు కాలువలు, వరిమడులూ నీటిని ఇంకించాయి. వేసవి వస్తుంది. బ్యారేజీ గేట్లు దిగుతాయి, కాలువలు కట్టేస్తారు, పాయల్లోకి ఉప్పు ఎగదన్నుతుంది. ఆ నెలల్లో నేలకూ సముద్రానికీ మధ్య మిగిలే బంధం చాలావరకు ఈ భూగర్భ ఊటే. ఇంకోపక్క ఆక్వా చెరువులు నేల మీదికి ఉప్పునీటిని తెచ్చి నిలబెట్టాయి. ఆ ఉప్పు కిందికి దిగితే, సూత్రం ప్రకారం, అక్కడి మట్టి రేణువులు పట్టుకున్న రేడియం కూడా వదిలిపోతుంది. అంటే జాడనే తారుమారు చేసే కొత్త పరిస్థితి. చెరువుల అడుగు నుంచి ఎంత నైట్రోజన్ మొగలోకి, కోరంగి మడ అడవుల్లోకి ఊరుతోందో తెలుసుకోకుండా, డ్రెయిన్ల నీటిని మాత్రం పరీక్షించి కాలుష్యం ఇంత అని నివేదిక రాయడం సగం పనే.

ఈ సగం పని ఎందుకు జరుగుతోందంటే సరిహద్దు గీత వల్ల. కేంద్ర భూగర్భ జల బోర్డు, రాష్ట్ర భూగర్భ జల శాఖ బావుల్లో నీటిమట్టం చూస్తాయి. వాళ్ల పటం ఒడ్డు దగ్గర ఆగిపోతుంది. సముద్ర సంస్థల ఓడలు నీళ్లలో మొదలవుతాయి. కేంద్ర బోర్డు జలశక్తి శాఖ కింద, సముద్ర సంస్థలు భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కిందో సీఎస్ఐఆర్ కిందో. ఊట ఉన్నది సరిగ్గా ఆ రెండింటి మధ్య ఇసుకలో. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోరు ఎవరు వేయొచ్చో చెబుతుంది గానీ, తీరం వెంట సముద్రంలోకి ఎంత మంచినీరు పోనివ్వాలి అన్న ప్రశ్న దానికి తట్టలేదు. నదులకు ‘పర్యావరణ ప్రవాహం’ ఉండాలని కోర్టులు, కమిటీలు ఇప్పటికే ఒప్పుకున్నాయి. అదే నియమం భూగర్భ జలానికి ఎందుకు వర్తించకూడదో ఎవరూ వివరించలేదు.

మొదలుపెట్టాల్సిన చోటు ఓడ కాదు, బావి. మన తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. దేశంలోని ఆ నిల్వల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ తీరానిదే. మోనజైట్‌లో థోరియం, థోరియం నుంచి రేడియం-228, 224. కాబట్టి కెరొలైనా బావుల్లో దొరికిన రేడియం గాఢతను ఇక్కడికి అరువు తెచ్చుకుని భాగిస్తే వచ్చే ఫలితానికి విలువ లేదు. భీమిలి దిబ్బల కింద ఒకలా, కోనసీమ ఒండ్రు కింద ఇంకోలా, ప్రకాశం తీరంలో మరోలా ఉంటుంది. ఒడ్డుకు లంబంగా వరస బావులు వేసి, ఒక్కో బావిలో రెండు మూడు లోతుల్లో, వేసవి చివర ఒకసారి, వరద తగ్గాక ఒకసారి ఉప్పదనం, రేడియం, నైట్రేట్ చూడాలి. పోటుకూ పాటుకూ మట్టం ఎంత కదులుతోందో రాయాలి. ఖర్చు దృష్ట్యా ఇది ఏ చిన్న ఎత్తిపోతల పథకంలోనూ ఒక పద్దుకు మించదు. కాకినాడ నుంచి అంతర్వేది దాకా అలాంటి వరసలు నాలుగైదు ఐదేళ్లు నడిస్తే, మొగలో ఓడ తోడిన రేడియంను దేనితో భాగించాలో ఆ అంకె అప్పటికి చేతిలో ఉంటుంది.